ఇరవై మూడు రోజుల పండు

మార్చి 2, ఉదయం 6:40

ఉల్లి వద్దు, మిరప వద్దు, సెంటు వద్దు, సిగరెట్ వద్దు. నా నోరు కంపెనీది. మూడేళ్ల బాండ్ మీద సంతకం పెట్టించుకున్నారు. ఇంకా ఇరవై ఒక్క నెలలు. శ్రమను అమ్ముకుంటున్నామని కరపత్రాల్లో చదివాను. నాలుకను కూడా అమ్ముకుంటామని ఏ కరపత్రమూ చెప్పలేదు.

టేస్టింగ్ రూమ్‌కి కిటికీ లేదు. తెల్ల గోడలు, ఆరు గ్లాసులు, ఉమ్మే బకెట్. వైన్ మింగకూడదు. మింగితే మూడో గ్లాసుకే నాలుక మొద్దుబారుతుంది.

మార్చి 3

మళ్లీ చొక్కా మీద ఎర్ర మరక. సరిగ్గా ఉమ్మడమే చేతకాదు, నువ్వేం విప్లవం తెస్తావురా అంది అక్క. సబ్బు అరిగేదాకా రుద్దింది.

మార్చి 7

పద్నాలుగున పెద్ద టేస్టింగ్. మెర్లో రకం ద్రాక్ష ఎక్కువగా కలిపిన మా రెడ్ వైన్, 2014 నుంచి 2019 దాకా, ఏడాదికో గ్లాసు. గెలిచిన ఏడాదికి కొత్త పేరు, కొత్త లేబుల్.

అందులో 2017 ఉంది. సమ్మె ఏడాది. అక్క ఈ కంపెనీ తోటలో పదకొండేళ్లు ద్రాక్ష కోసింది. ఆ ఏడాది సరిగ్గా కోతల ముందు అందరి చేతా పని మాన్పించి గేటు బయట కూర్చోబెట్టింది. ఇరవై మూడు రోజులు. ఇరవై నాలుగో రోజున ఓనర్ లారీల్లో కొత్తవాళ్లను దించి కోయించాడు. ఆ తర్వాత అక్కను ఏ తోటలోకీ రానివ్వలేదు. ఇంటికి నేనొక్కణ్నే దిక్కు. అందుకే ఈ బాండ్.

ఆ వైన్‌ని నా చేత్తో పాతాళానికి తొక్కుతాను. ద్రోహంతో కోసిన పండుకు రుచి ఎక్కడిది? ఒట్టు.

మార్చి 14, సాయంత్రం 5:00

రంగు చూసి ఏడాది పట్టేయకుండా నల్ల గ్లాసుల్లో పోశారు. అయినా పట్టేశాను. రెండో గ్లాసులో పచ్చి కాడ వాసన, నాలుక మీద ఇసుక రాసినట్టు వగరు. ఇదే దొంగకోత! ఇరవైకి నాలుగు వేశాను. కింద రెండు గీతలు కూడా గీశాను.

ఐదో గ్లాసు. ఏం చెప్పను. బాగా మాగిన పండు, వాన పడ్డ మట్టి, ఆ తర్వాత ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టు ఒక నిదానం. ఉమ్మేశాక కూడా నోట్లోనే ఉంది. పంతొమ్మిది వేశాను.

సీసాల ముసుగులు తీశారు. నేను నాలుగు వేసింది 2016కి. అక్క ఆఖరిసారి కోసిన పండుకి.

పంతొమ్మిది వేసింది 2017కి.

చీఫ్ టేస్టర్ వేసిన మార్కులూ అదే వరస. ముక్కాయన అంటాం ఆయన్ని. నా ముఖం చూసి, నీ నాలుకకున్న నిజాయితీ నీకు లేదు నాయనా అన్నాడు. బకెట్ ఎత్తి ఆయన నెత్తిన గుమ్మరిద్దామనిపించింది.

మార్చి 15

అక్కకు చెప్పాను, గోడ గుద్ది మరీ. ఎవరో పోయారని చెప్తావనుకున్నాను, ఇదా అని పడీ పడీ నవ్వింది. ఆవిడకు ముందే తెలుసట! ఓనర్‌కి వాన భయం, గింజ పచ్చిగా ఉండగానే కోయిస్తాడు, ఒక్క పది రోజులు ఆగండయ్యా అని ఏటేటా మొత్తుకున్నాం, వింటేనా అంది. సమ్మె ఇరవయ్యో రోజున కంచెలోంచి చెయ్యి పెట్టి ఒక పండు తెంపి, గింజ కొరికి చూసిందట. కటుక్కుమందట, అంటే పండినట్టే. వాడికి ఆగడం చేతకాదురా, మేమే ఆపాం అంది.

తర్వాత మెల్లగా, ఎలా ఉంది అని అడిగింది. పదకొండేళ్లు కోసి ఒక్క గుక్క ఎరగదు. భుజం మీద చెయ్యి సంగతి చెప్పాను.

మళ్లీ చెప్పు అంది.

మార్చి 16

రిమార్క్స్ గడిలో రాశాను: ఈ రుచికి కారణం ఇరవై మూడు రోజుల సమ్మె.

ఇది వాసనలు రాసే గడి నాయనా, చరిత్ర రాసేది కాదు అన్నాడు ముక్కాయన. కొట్టెయ్యలేదు మాత్రం.

మార్చి 29

ఓనర్ కొట్టేశాడు. మార్కులు ఉంచుకున్నాడు.

ఏప్రిల్ 6

లేబుల్ వచ్చింది. వైన్ పేరు ఓపిక. కింద చిన్న అక్షరాల్లో: పండు పండేదాకా ఎదురుచూసిన మా ఓపికకు గుర్తు.

మా ఓపికట! ఎవరా మేము?

రాజీనామా రాసి ముక్కాయన ముందు పడేశాను. బాండ్ తెంపితే ఏ కంపెనీ గేటూ నీకు తెరుచుకోదు, మీ అక్కకు ఎలాగూ తెరుచుకోదు, ఇద్దరూ కలిసి ఏ గోడ నాకుతారు అని అడిగాడు. చింపేశాను.

ఇరవయ్యో తేదీన విడుదల. అతిథుల ముందు వైన్ రుచి చూసి రెండు ముక్కలు మాట్లాడేది నేనే. కుర్రాడైతే ఫొటోలో బాగుంటాడట. ఆ ముక్కలు ఓనరే రాయించి పంపాడు. కాగితం వెనక నావి రాసుకున్నాను.

ఏప్రిల్ 19

బట్టీ పట్టేశాను. ఓనర్ తన ప్రసంగంలో మా ఓపిక అనగానే నోట్లో వైన్ అక్కడే ఉమ్మేసి నా ముక్కలు మొదలుపెడతాను. కొత్త చొక్కా పాడవుతుందేమో అన్నాను. పడనీరా మరక, ఉతుకుతాను అంది అక్క.

ఏప్రిల్ 20

నోట్లో వైన్ ఉంది. మా ఓపిక అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు.

మింగాను.

ఇంటికి రాగానే అక్క చొక్కా విప్పించి, వెలుతురులో పెట్టి, ముందూ వెనకా చూసింది.

ఎక్కడా మరక లేదు.