చేదు మా ఇంటికేనా?

కొంపల్లి,
సోమవారం.

మూడో తరగతి టీచరు ఝాన్సీ గారికి,

సాయిప్రియ నాయనమ్మ అమ్మాజీ నమస్కారాలు చెప్పి రాయడం ఏమంటే, ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను గాని, మీరు పంపిన చీటీ చూశాక ఆ క్షేమం కాస్త తగ్గింది.

ఒంటిపూట బడి బస్సు వేళల గురించి తల్లిదండ్రులు వాట్సాప్ గ్రూపులో తిట్టుకున్నారనీ, మీ హెడ్‌మాస్టారు సత్యానందం గారు గ్రూపు మూసేసి, "ఏదున్నా కాగితం మీద రాసి పిల్లల సంచిలో పెట్టండి" అన్నారనీ విని ఎంతో సంతోషించాను. నా రోజులు మళ్లీ వచ్చాయనుకున్నాను. తొలి ఉత్తరమే ఇలా రాయాల్సి వస్తుందనుకోలేదు.

ఉగాది ముందురోజు బడిలో పచ్చడి కలుపుతారట. ఆరు రుచులూ ఆరు ఇళ్ల నుంచి రావాలట. ఆలోచన బాగుంది. మా పక్కింటి రాధమ్మ గారి మనవడు భానుతేజకు బెల్లం. మాకు మాత్రం వేపపువ్వు! ఏమండీ, కాకినాడ వదిలి ఈ కాలనీకి వచ్చి ఇన్నేళ్లయింది, ఒకరితో మాట పడ్డవాళ్లం కాదు. నిన్న రాధమ్మ గారు గోడ మీంచి తొంగిచూసి, "పోనీలెండి, ఎవరో ఒకరు తేవాలిగా" అని నన్ను ఓదార్చారు. ఆ ఓదార్పు కన్నా వేపపువ్వే నయం.

మా చేదు తీసుకుని మాకు బెల్లం ఇప్పించగలరు.

ఇట్లు,
అమ్మాజీ

తా.క.: పిల్ల చదవకుండా ఈ ఉత్తరానికి గట్టిగా ఒక పిన్ను కొట్టాను.

——

గుండ్లపోచంపల్లి,
మంగళవారం.

పెద్దలు అమ్మాజీ గారికి,

ఝాన్సీ వందనాలు. మీ ఉత్తరం చేరింది. చేతిరాత ముత్యాల్లా ఉందని పిల్లలందరికీ దూరం నుంచి చూపించాను. చదివి మాత్రం వినిపించలేదు.

వేపపువ్వు మీకు ఎలా వచ్చిందో నేను చెప్పకూడదు, ఒకరికి మాటిచ్చాను. కాని అందులో అవమానం లేదని నమ్మండి. మిగతా ఐదు ఇళ్లవాళ్లూ తమ వంతు డబ్బాలో పెట్టి పంపితే చాలు. వేపపువ్వు ఇంటివాళ్లు మాత్రం స్వయంగా రావాలి. పిల్లల మధ్య కూర్చుని, కాడలు తీసి, చేటలో చెరిగి చూపించాలి. మా టీచర్లలో ఆ పని ఎవరికీ చేతకాదు. నాకు అసలే తెలియదు, మా ఇంట్లో పండుగంటే క్రిస్మస్, ఈస్టర్. వేపపువ్వు అనగానే స్టాఫ్ రూములో అందరికీ మీరే గుర్తొచ్చారు.

ఈ పచ్చడి నేను మొదటిసారి చేయిస్తున్న కార్యక్రమం. కుటుంబాలన్నీ కలిసి చేశాయని బోర్డు మీద బడి వార్తల్లో వేయాలని సత్యానందం సార్ ఆశ. కాదనకండి.

ఇట్లు మీ
ఝాన్సీ

తా.క.: ఆటల పోటీలకు, సైన్సు ప్రదర్శనకు, బాలల దినోత్సవానికి సాయిప్రియ తరఫున ఎవరూ రాలేదు. అందుకే ఈసారైనా అని.

తా.క. రెండు: మీరు ఒక పిన్ను కొట్టానన్నారు. నాకు చేరేసరికి మూడున్నాయి.

——

కొంపల్లి,
బుధవారం.

ఝాన్సీ గారికి,

అమ్మాజీ రాయునది. నమస్కారాలు తర్వాత చెబుతాను.

చేదు అనగానే అందరికీ నేనే గుర్తొచ్చానా? ఆ అందరూ ఎవరెవరు? పైగా పక్కింటివాళ్ల బెల్లం డబ్బాలో దర్జాగా వస్తుంది, నేను మాత్రం చేట పట్టుకుని మీ వరండాలో కూర్చోవాలా? కాడలు తీసే పనికి మనిషి దొరకలేదని సూటిగా రాయకపోయారా!

ఎవరూ రాలేదని దెప్పారు గనుక చెబుతున్నాను. మా అబ్బాయి రఘునందన్, కోడలు పొద్దున ఏడింటికే చెరో కారులో బయల్దేరతారు. ఇక నేను. ఆటల పోటీలప్పుడు మీ గేటు దాకా వచ్చాను. లోపల తల్లులంతా గలగలా ఇంగ్లీషు. ఎవరో నన్ను ఏదో అడిగారు, నేను నవ్వాను, ఆవిడ మళ్లీ అదే అడిగింది. పిల్ల పరుగు చూడకుండానే వెనక్కి వచ్చేశాను. ఆ రోజు అన్నం కూడా సయించలేదు. అందుకే నేను కాగితం మనిషిని. గేటు మనిషిని కాను.

పైగా మా కాలనీలో వేపచెట్టు లేదు. ఆకు రాలి కార్ల మీద పడుతుందని అసోసియేషన్ వాళ్లు అన్నీ ఈతచెట్ల లాంటివే నాటారు. బజారులో కొన్న పువ్వు నేను పచ్చట్లో వేయను.

బెల్లం ఇస్తారా, ఇవ్వరా?

అమ్మాజీ

తా.క.: మావారు గోపాలరావు గారు వేపచెట్టు వెతుక్కుంటూ గండిమైసమ్మ దాకా వెళ్లారు. ఎవరిదో గోడ మీంచి కొమ్మ వంచుతుంటే వాచ్‌మన్ పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లని తేలి, టీ తాగి వచ్చారు. కొమ్మ రాలేదు.

——

గుండ్లపోచంపల్లి,
గురువారం.

పెద్దలు అమ్మాజీ గారికి,

ఝాన్సీ వందనాలు. వేపపువ్వనగానే మీరు గుర్తొచ్చింది మీ వేపపువ్వు పొడి వల్ల. సాయిప్రియ డబ్బాలో అది వచ్చిన రోజు మా స్టాఫ్ రూము సగం ఖాళీ చేస్తుంది. నేను సరిగ్గా రాయలేదు, తప్పు నాదే. చెట్టు గురించి బెంగ వద్దు, షామీర్‌పేటలో మా ఇంటి ముందు చెట్టు విరగబూసింది, సంచెడు నేనే తెస్తాను, మీరు వస్తే చాలు అని రాద్దామనుకున్నాను.

కాని మీరు బాధపడితే నాకు నిద్ర పట్టదు. సరే, బెల్లం మీదే. వేపపువ్వు రాధమ్మ గారికి మారుస్తున్నాను. దయచేసి ఈ సంగతి బయట ఎవరితోనూ అనకండి.

ఇట్లు మీ
ఝాన్సీ

తా.క.: మార్చానని చెప్పిన దగ్గర నుంచి సాయిప్రియ నాతో మాట్లాడటం లేదు. ఎక్కాలు కూడా గోడకు చెబుతోంది.

——

కొంపల్లి,
శుక్రవారం.

చిరంజీవి ఝాన్సీకి,

అమ్మాజీ దీవించి రాయునది. నువ్వు మంచి పిల్లవని మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. అనకాపల్లిలో మా తమ్ముడు జోగారావుకు ఫోను చేస్తే రాత్రి బస్సులో బెల్లం వేశాడు. నా తలకాయంత దిమ్మ. చక్కగా పొడిచేసి, స్టీలు డబ్బాలో పెట్టి సంచిలో పంపుతాను. నేను రావక్కర్లేదు. అందరికీ సుఖం.

నేనెవరితోనూ అనలేదు. రాధమ్మ గారికి మాత్రం గోడ మీంచి, "పోనీలెండి, ఎవరో ఒకరు తేవాలిగా" అన్నాను. అంతే.

మా పిల్ల మాత్రం ఇంట్లోనూ మాట్లాడటం లేదు. తాతగారి దగ్గరే కూర్చుని గుసగుసలాడుతోంది. బళ్లో ఏమైనా అన్నారా?

ఆశీస్సులతో,
అమ్మాజీ

తా.క.: పొద్దున తలకాయంత ఉన్న దిమ్మ సాయంత్రానికి కొబ్బరికాయంత అయింది. ఇంత ఖరీదైన ఇళ్లలో కూడా ఎలుకలుంటాయా? గోపాలరావు గారికి షుగరు, డాక్టరు తీపి మానేయమన్నాడు, పాపం అయినా బెల్లం గది కాపలా తానే చూసుకుంటానన్నారు.

——

గుండ్లపోచంపల్లి,
శనివారం.

అమ్మాజీ గారికి,

ఝాన్సీ వందనాలు. నేను మునిగిపోయాను.

రాధమ్మ గారు నిన్న పొద్దున్నే వచ్చి తమకూ బెల్లమే కావాలన్నారు. వెనకాలే సుప్రజ వాళ్ల నాయిన లింగం గారు బండి దిగీ దిగకుండానే అందుకున్నారు: "ఏంది టీచరమ్మా, మేమేమన్న కారం మనుషులమా? ఎవ్వరితోనన్న గట్టిగ మాట్లాడిన్నా? మాకు కారప్పొడి రాసిచ్చినవేంది? గీ పరేషాన్ నాకొద్దు. అందరికిచ్చినట్టే బెల్లమియ్యి, జల్దీ." చింతపండు వాళ్లు తమ మొహాలు పుల్లగా ఉన్నాయా అని అడిగారు. ఉప్పు వాళ్లయితే కళ్లనీళ్లే పెట్టుకున్నారు. ఇప్పుడు ఆరు ఇళ్లూ బెల్లమే. ఇక్కడ బడి వీధి కొట్టులో బెల్లం ఖాళీ. దాన్ని పచ్చడి అనరు, పానకం అంటారని సత్యానందం సార్ అన్నారు. ఇలాగైతే కార్యక్రమమే వద్దన్నారు.

ఇక దాచలేను, చెబుతున్నాను. చీటీలు తీసిన రోజు సాయిప్రియకు వచ్చింది బెల్లమే. వేపపువ్వు వచ్చింది భానుతేజకు. తన వాసనొచ్చే రబ్బరు అతనికిచ్చి, ఆ చీటీ మార్చుకుంది మీ మనవరాలే. ఎందుకమ్మా అని అడిగితే ఇలా అంది: "బెల్లమైతే డబ్బాలో పంపిస్తారు టీచర్. వేపపువ్వయితే మా నాయనమ్మ రావాలి." మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఇక మీ ఇష్టం.

ఝాన్సీ

తా.క.: ఈ ఉత్తరానికి నేను పిన్ను కొట్టలేదు. తను చదువుకుంటే చదువుకోనీ.

——

కొంపల్లి,
సోమవారం.

తల్లీ ఝాన్సీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి అక్షరాలు సరిగ్గా కనిపించలేదు, ఏడ్చాను మరి. ఇంట్లో ఉన్న నా కోసం రబ్బరు ఇచ్చి చేదు కొనుక్కుందా ఆ పిల్ల!

వస్తున్నాను. చేదు నాది. ఇంక ఎవరికిచ్చినా ఊరుకోను. చేట మా ఇంట్లోదే తెస్తాను, మీ ప్లాస్టిక్కు చేటలు నా చేతికి ఆనవు. ఇంగ్లీషులో ఎవరైనా ఏమైనా అడిగితే చేట చూపిస్తాను. మీ సారుకు చెప్పు, కార్యక్రమం ఆపడానికి వీల్లేదని.

బుధవారం పొద్దున్నే గేటు దగ్గర ఉంటాను.

అమ్మాజీ

తా.క.: రాధమ్మ గారికి ఒక్కరికే చెప్పాను, అదీ రహస్యంగా. ఆవిడా కళ్లు తుడుచుకుంది.

తా.క. రెండు: దిమ్మ ఇప్పుడు నిమ్మకాయంత. పండక్కి ఇల్లు దులిపి ఆ ఎలకను పట్టుకుని తీరతాను.

——

గుండ్లపోచంపల్లి,
బుధవారం మధ్యాహ్నం.

అమ్మాజీ గారికి,

ఝాన్సీ వందనాలు. మీ రహస్యం రాధమ్మ గారి గోడ దాటి ఎంత దూరం వెళ్లిందో పొద్దున చూశారుగా! పిల్లలందరూ ఇళ్లలో "మా తాత రావాలి, మా అవ్వ రావాలి, మాకూ వేపపువ్వే కావాలి" అని పట్టుబట్టారట. లింగం గారు ఏకంగా చెట్టులో సగం నరుక్కొచ్చి, "టీచరమ్మా, మస్తుగ తెచ్చిన, సరిపోతదా?" అన్నారు. ఆరు ఇళ్లు, ఆరు చేటలు, అన్నింట్లో వేపపువ్వే. కొన్న బెల్లమంతా ఇళ్లలో పండగ వంటల్లోకి పోయిందట.

వీధి కొట్టులో చింతపండు, మామిడికాయ, ఉప్పు, కారం దొరికాయి. బెల్లం లేదు. లింగం గారి బండెక్కి మేడ్చల్ దాకా పరుగెత్తాను. దారంతా ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. బెల్లంతో తిరిగి వచ్చేసరికి కుండ ఖాళీ! పిల్లలు మూతులు నాక్కుంటున్నారు. మీరందరూ వెళ్లిపోయారు. "తీపి ఎక్కడిది సార్?" అంటే సత్యానందం సార్ నవ్వుతున్నారు, చెప్పరు. సాయిప్రియను అడిగితే నవ్వాపుకోడానికి టై నోట్లో పెట్టుకుంటోంది.

ఏం జరిగింది? దయచేసి వెంటనే రాయండి.

ఝాన్సీ

తా.క.: మీరు చేటతో చెరుగుతుంటే వెనక నిలబడి సాయిప్రియ అందరికీ ఏం చెప్పిందో విన్నారా? "దిసీజ్ మై నాయనమ్మ" అని. ఎవరైనా ఇంగ్లీషులో అడగకముందే జవాబు చెప్పేస్తోంది.

——

కొంపల్లి,
ఉగాది రోజు.

తల్లీ ఝాన్సీ,

మీ ఇంటిల్లిపాదికీ దీవెనలు. ఎలక దొరికింది.

నువ్వు బండెక్కి వెళ్లగానే సత్యానందం గారు కుండలో గరిటె పెట్టి రుచి చూశారు. మనిషి పెద్దరికంగా నిలబడ్డారు గాని కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లలు వరసలో గిన్నెలు పట్టుకుని చూస్తున్నారు. ఇక పారబోయాల్సిందే అనుకున్నాం. నీ కష్టమంతా వృథా అయిపోయిందే అని బాధపడ్డాను.

అప్పుడు మా సాయిప్రియ ముందుకొచ్చి, అందరూ వినేలా, "తాతయ్యా, జేబు!" అంది.

నాకు తోడుగా వచ్చిన గోపాలరావు గారు ఆకాశం వైపు చూశారు. "తాతయ్యా, రెండో జేబు కూడా!" అంది. పండక్కి నేను ఇల్లు దులుపుతున్నానని, అంతవరకూ బియ్యం డబ్బాలో దాచుకున్నదంతా ఆయన లాల్చీ జేబుల్లోకి మార్చుకున్నారట. రెండు జేబులూ బోర్లిస్తే అనకాపల్లి దిమ్మ సగానికి పైగా బయటపడింది. కొన్ని ముక్కల మీద చిన్న పళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. కాపలా ఒక్కరిది కాదు, ఇద్దరిదీ. ఆ గుసగుసలు ఏమిటో ఇప్పుడు తెలిసింది. పళ్ల గుర్తులున్నవి పక్కన పెట్టి, మిగతావి కడిగి వేశాను. మాట బయటికి చెప్పకు.

"తాతయ్యను పట్టిచ్చావేమే?" అని అడిగాను. "పచ్చడి పాడైతే నువ్వు మళ్లీ బడికి రావుగా" అంది. పక్కన పెట్టిన బెల్లం ముక్కొకటి తీసి దాని నోట్లో పెట్టాను.

వచ్చే ఏడూ చేదు మా ఇంటికే రాసిపెట్టు. చీటీలు వేయొద్దు.

ప్రేమతో,
అమ్మాజీ

తా.క.: ఈ ఉత్తరం సంచిలో పెట్టడం లేదు, నేనే తెచ్చి నీ చేతికిస్తాను. బోర్డు కోసం సాయిప్రియ రాసిన వార్త కూడా దీనితో ఉంది: "మా బడిలో ఉగాది పచ్చడి చేశాము. చేదు మా నాయనమ్మ తెచ్చింది. తీపి మా తాతయ్య దొంగిలించి తెచ్చాడు." దాన్ని తీయించమని ఆయన బతిమాలుతున్నారు. తీయకు. సెలవులిచ్చేదాకా రోజూ ఆయన్ని వెంటబెట్టుకొచ్చి చదివిస్తాను.