పైన ఆకుపచ్చ, లోపల తెలుపు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేను, నా గదిలో ఉండే నర్సు, కిటికీలో ఆవిడ పెంచుతున్న మొక్క. ఆ మొక్క క్షేమమో కాదో చూసి చెప్పడం కష్టం. నువ్వు బాగున్నావని, కుట్టుమిషను మళ్లీ మొరాయించలేదని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. వేళకే తింటున్నాను. బస్సులో చదవడం మాత్రం మానలేదు. ఇంటావిడ పైకప్పు బాగు చేయించింది. ఇప్పుడు వాన నా మంచం మీద కాకుండా నర్సు మంచం మీద కురుస్తోంది. ఆవిడ గొడుగు వేసుకుని పడుకుంటానని బెదిరిస్తోంది.

ఇక నా చేతుల సంగతి. నువ్వు ఊహించింది నిజమే, మళ్లీ వచ్చింది. కంగారుపడకు, ఎక్కువేమీ కాదు. పుస్తకాల మరమ్మతు గదిలో నా పని నీకు తెలుసు కదా. చిరిగిన పుస్తకాల వెన్ను విప్పడం, ఎండిన జిగురు గీకడం, కొత్త జిగురు పూయడం. చలి మొదలయ్యాక ఆ దుమ్ముకీ జిగురుకీ వేళ్ల సందుల్లో దురద పుట్టింది. మోచేతి మడతలు కూడా ఎర్రబడ్డాయి. అవి ఎర్రబడకపోతేనే ఆశ్చర్యపడాలి. ఇప్పుడు లోపల నూలు గ్లౌజులు, వాటి మీద రబ్బరువి వేసుకుని పనిచేస్తున్నాను. మొదటి రోజు వేళ్లకు కాగితం మందం తెలియక ఒక పేజీ చింపేశాను. నాకు ఏడుపొక్కటే తక్కువ. బైండరుగారు ఆ పేజీని దీపం కింద పెట్టి చూసి, “పోనీలే అమ్మాయ్, రేపు దీన్ని అతికించడం కూడా నేర్చుకుందువుగాని” అన్నారు.

వాసన సబ్బు మానేశాను. గోరువెచ్చని నీళ్లతోనే స్నానం. ఒళ్లు రుద్ది తుడుచుకోకుండా మెత్తగా అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని తెల్ల క్రీము పట్టిస్తున్నాను. మరీ ఎర్రబడినచోట డాక్టరు రాసిచ్చిన ట్యూబు, అదీ పల్చగా, ఆయన వాడమన్నన్నాళ్లే. దురద ఆగనప్పుడు గోకకుండా చన్నీళ్లలో ముంచిన గుడ్డ వేసి పట్టుకుంటున్నాను. గోళ్లు కత్తిరించుకున్నాను. ఇదంతా చూసి నర్సు, “ఏ కాలేజీలో చదివావమ్మా ఇదంతా?” అని అడిగింది. “మా ఇంటి స్నానాలగదిలో” అన్నాను. ఆవిడ అంతసేపు ఎందుకు నవ్విందో నాకు భోజనాల దగ్గర అర్థమైంది.

నిజంగానే అమ్మా, క్రీము మూత తీసినప్పుడల్లా నాకు ఆ గదే గుర్తొస్తుంది. బడి నుంచి వచ్చేసరికి నానమ్మ ముందుగదిలో పడకకుర్చీలో కళ్లు మూసుకుని ఉండేది. నువ్వు వేలు పెదాల మీద పెట్టుకుని, నన్ను వెనకనుంచి తీసుకెళ్లేదానివి. తలుపు చప్పుడు కాకుండా ఉండటానికి కింద తడిగుడ్డ పెట్టేదానివి. నేను బోర్లించిన బకెట్టు మీద కూర్చునేదాన్ని. పొద్దున నానమ్మ పట్టించిన ఆకుపసరు నా మోచేతుల మీద ఎండి పెచ్చుకట్టి ఉండేది. దాన్ని నువ్వు గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి, నానబెట్టి తీసేదానివి. లాగేదానివి కాదు. తర్వాత లంగా మడతలోంచి ట్యూబు తీసేదానివి. బఠాణీగింజంత క్రీము నా రెండు చేతులకూ సరిపోయేది. పైనుంచి కిందికి, ఒకే వైపుకి పట్టించేదానివి. ఆ కాసేపూ మనిద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. నాకు మాట్లాడటం ఇష్టం లేదు కాబట్టి, ఆ రోజుల్లో నాకు అంతకంటే ఇష్టమైన వేళ ఇంకొకటి లేదు.

చివర్లో నాన్న పాత తెల్లచొక్కా చింపిన పేలికతో కట్టు కట్టేదానివి. కట్టు పైన మాత్రం నానమ్మ గిన్నెలోంచి కాస్త పసరు వేలితో అద్దేదానివి. సాయంత్రం నానమ్మ లేచి నా చెయ్యి పట్టి చూసి, “చూశారా, నా మందు ఎలా పట్టిందో!” అనేది. పైన ఆకుపచ్చ, లోపల తెలుపు. నేను నేల చూపులు చూసేదాన్ని. నువ్వు, “అవును అత్తయ్యా” అని వంటింట్లోకి వెళ్లిపోయేదానివి.

మొదట్లో ఆ పసరు ఎంత మండేదో నీకు తెలుసు. అందులో నానమ్మ నిమ్మరసం పిండేది కదా. మా కాన్వెంటు బడిలో సిస్టరుగారు నొప్పిని దేవుడికి అర్పించమని చెప్పారు. నేను అలాగే అర్పించాను. నాలుగో తరగతిలో ఉన్నట్టుండి మంట ఆగిపోయింది. దేవుడు పుచ్చుకున్నాడనుకున్నాను. చాలా గర్వపడ్డాను కూడా. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఎందుకు ఇప్పుడు చెప్తున్నానో కిందికి వెళ్లాక తెలుస్తుంది.

నీ ఉత్తరంలో చివరి ప్రశ్నకి వస్తున్నాను. ఆదివారాలు బాబాయ్ వాళ్లింటికి వెళ్తున్నానా అని అడిగావు. వెళ్తున్నాను. నీకు కష్టంగా ఉంటుందని రాయలేదు. “నన్ను మాత్రం రమ్మని అడగకు” అని కూడా రాశావు. ఎందుకో నాకు తెలుసు. నాన్న పోయాక, నానమ్మ బాబాయ్ దగ్గరికి వెళ్లిపోయిన రోజు నేనూ గుమ్మంలోనే ఉన్నాను. చుట్టాలందరి ముందూ, “ఈ పిల్ల ఒళ్లు బాగుచేసింది నేను, గుర్తుపెట్టుకోండి” అంది. నీ మొహం చూశాను. నువ్వు ఒక్క మాటా అనకుండా ఆవిడ సూట్‌కేసు తీసుకెళ్లి కారులో పెట్టావు. ఆ తర్వాత ఇప్పటిదాకా నువ్వు ఆవిడ ఉన్న ఇంటి గడప తొక్కలేదు.

పోయిన ఆదివారం వెళ్లేసరికి పిన్ని నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, “మీ నానమ్మ సంగతి నువ్వే చూడు తల్లీ. చేతులు గోకి గోకి పెట్టుకుంటోంది. డాక్టరు క్రీము ఇస్తే మూత కూడా తియ్యలేదు. నేనేమైనా అంటే నా వంటకి వంక పెడుతుంది” అంది.

నానమ్మ వెనక వరండాలో కూర్చుంది. ఆవిడ ఎప్పుడూ వేసుకునే పొడుగు చేతుల రవిక చేతులు పైకి మడిచి ఉన్నాయి. అమ్మా, ఆవిడ మోచేతి మడతలు నావే. అదే చోట, అదే ఎరుపు, అవే గీతలు. ఇన్నేళ్లలో ఆవిడ మోచేతులు నేనెప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. పక్కన ఆకుపసరు గిన్నె ఉంది.

“ఏమే గోకుడుపిట్టా, అలా చూస్తావేం? ఆ గిన్నె ఇలా తే.”

“నానమ్మా, ఇందులో నిమ్మరసం పిండావా?”

“పిండక? మందన్నాక కాస్త చురుక్కుమనాలి.”

“చర్మం చిట్లి ఉంది, మండుతుంది. డాక్టరు ఇచ్చింది వాడొచ్చు కదా.”

“ఆయనెవరు నాకు చెప్పడానికి? నిన్ను బాగుచేసింది ఈ మందే కదా. నీకు పనిచేసింది నాకెందుకు పనిచెయ్యదు? చెప్పు మరి.”

నన్ను క్షమించు. ఆవిడకి చెప్పనని చిన్నప్పుడు నీకిచ్చిన మాట అక్కడ తప్పాను. గిన్నె పట్టుకుని నిలబడి మొత్తం చెప్పేశాను. బకెట్టు, ట్యూబు, కట్టు, కట్టు మీద పసరు. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా చెప్పాను. చెప్పడం అయ్యాక ఆవిడ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

“అమ్మయ్య,” అంది నానమ్మ. “మీ ఇద్దరిలో ఒకళ్లకైనా నోరొచ్చింది.”

ఆవిడకి తెలుసమ్మా. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడే తెలుసు. బొత్తాం కోసం నీ కుట్టుమిషను సొరుగులో చెయ్యి పెడితే ట్యూబు తగిలిందట. దాన్ని కొంగులో దాచుకుని మందుల షాపుకి వెళ్లి అడిగిందట. మంచి మందే, పల్చగా వాడాలి అన్నాడట షాపతను. తెచ్చి మళ్లీ అదే సొరుగులో, అదే వైపు తిప్పి పెట్టిందట.

“ఆ రోజు నుంచే నిమ్మకాయ మానేశాను. మంచి మందు మీద నా పులుపు ఎందుకని. ఉత్త ఆకు, నూనె, అంతే.”

“మరి రోజూ పట్టించడం ఎందుకు నానమ్మా?”

“పిచ్చిమొహమా! నేను మానేస్తే నాకు తెలిసిపోయిందని మీ అమ్మకి తెలిసిపోదూ?”

దేవుడు పుచ్చుకున్న మంట సంగతి అలా తేలింది.

నాకు నవ్వొచ్చింది. కానీ ఆ గుమ్మంలో మాట గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. అన్నీ తెలిసి ఆ రోజు అలా ఎందుకన్నావని అడిగాను. నేను అలా అడగగలనని నేనెప్పుడూ అనుకోలేదు. నానమ్మ నా చేతిలోంచి గిన్నె తీసుకుని కింద పెట్టింది.

“మావాడు పోయాక మీ అమ్మ నాతో పోట్లాడటం కూడా మానేసింది. కూర్చోమంటే కూర్చునేది, తినమంటే తినేది. గోడతో కాపురం చేసినట్టుండేది. ఇల్లు వదిలేముందు ఒక్కసారి గిచ్చి చూద్దామనుకున్నా. ‘మీరు కాదు అత్తయ్యా, నేను’ అని నలుగురిలో అంటుందేమోనని. అనుంటే ఉండిపోయేదాన్నే. మీ అమ్మ నా సూట్‌కేసు ఎత్తింది.”

ఆ తర్వాత ఆవిడే నాకు చెయ్యి చాపింది. గోరువెచ్చని నీళ్లు తెచ్చి, మెత్తగా అద్ది, డాక్టరు క్రీము మూత తీశాను. నీలాగే పైనుంచి కిందికి పట్టిస్తున్నాననుకున్నాను. ఆవిడకి నచ్చలేదు.

“అలా కాదే. మీ అమ్మ బొటనవేలు వాడేది కాదు.”

“నీకెలా తెలుసు?”

“తలుపు కింద తడిగుడ్డ పెడితే చప్పుడు ఆగుతుంది గాని, తలుపు పూర్తిగా పడదు. సందులోంచి చూసేదాన్ని.” రవిక చెయ్యి ఇంకాస్త పైకి మడుచుకుంటూ అంది, “నా చిన్నప్పుడు గోక్కుంటే మా అమ్మ చేతి మీద కొట్టేది. అలా కూర్చోబెట్టి ఎవరూ పట్టించలేదు. అందుకని చూసేదాన్ని.”

రెండో చెయ్యి కూడా పూర్తి చేశాను. బొటనవేలు ఎత్తిపెట్టి పట్టించడం నాకు కుదరలేదు.

“నీకు చేతకావట్లేదని మీ అమ్మకి రాయి,” అంది నానమ్మ. “ఉత్త ఆ ముక్కే రాయి. ఇంకేం రాయకు.” నేను ఇంత రాశాను. మాట తప్పడం ఒకసారి మొదలైతే ఇలాగే ఉంటుంది కాబోలు.

గిన్నె కడగబోతూ వాసన చూశాను. అందులో నిమ్మకాయ లేనే లేదు. నాతో నిజం చెప్పించడానికి ఆవిడ ఆడిన అబద్ధం అది.

బయల్దేరుతుంటే ఇంకొకటి అడిగింది. “మావాడి చొక్కా పేలికలు ఏవన్నా మిగిలాయా మీ ఇంట్లో?” తెలియదన్నాను. నీ పెట్టె అడుగున నువ్వు చింపకుండా దాచుకున్న చొక్కా గురించి చెప్పలేదు. అది నా రహస్యం కాదు.

నన్ను రమ్మని అడగకు అన్నావు కాబట్టి అడగను. ఆదివారం పొద్దున మన ఊరి బస్సు వచ్చే వేళకి నేను బస్టాండులోనే ఉంటాను. కుడివైపు బల్ల మీద, పుస్తకం పట్టుకుని. ఆ బస్సులోంచి ఎవరూ దిగకపోతే ఒక అధ్యాయం చదువుకుని, ఎప్పట్లాగే నడిచి వెళ్తాను. నానమ్మకి మాత్రం నాకు ఇంకా చేతకాలేదనే చెప్తాను.

ఇట్లు,
ఆలస్యంగా నోరొచ్చిన
నీ కూతురు