కీబోర్డు గుర్తించని వేలు

నోవై, మిషిగన్

సుశీలక్కకు,

చెల్లెలు రమ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం కుశలం. నువ్వు, బావగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మంచు మోకాలి లోతున ఉంది. మేం బాగానే ఉన్నాం, బెంగపడకు.

ఫోన్‌లో చెబితే పక్కగదిలోకి వినబడుతుంది గనుక ఈ విషయం వ్రాతపూర్వకంగా నీ దృష్టికి తెస్తున్నాను. మీ మరిదిగారు ఇంటి కంప్యూటర్‌కు కొత్త కీబోర్డు కొన్నారు. దాని మూలన ఒక మీట ఉంది. వేలు ఆనిస్తే ముద్ర చూసి కంప్యూటర్ తెరుచుకుంటుంది. ఇల్లు వెతుక్కుంటూ మా ఇంట్లో దిగిన నా తోడికోడలు మాధవి వేలు సహా అందరి వేళ్ళూ నమోదు చేశారు. ఆ సాయంత్రానికే పాస్‌వర్డ్ మరచిపోయారు. ఆ సంగతి ఒప్పుకోరు.

మాధవి తాకగానే అది తెరుచుకుంటుంది. నన్ను మాత్రం మరోసారి ప్రయత్నించమంటుంది. నా ఆఫీసు పని అందులోనే గనుక, రోజూ పొద్దున నా ఇంట్లోనే నిలబడి, "మాధవీ, ఒకసారి వచ్చి ఓపెన్ చేస్తావా?" అని విన్నవించుకుంటున్నాను.

"అయ్యో, మళ్ళీ రిజెక్ట్ చేసిందా అక్కా? నాదైతే ఒక్క టచ్‌కే తీసుకుంటుంది!" అంటూ కాఫీ కప్పుతో వస్తుంది. ఆ కాఫీ నేను కలిపినదే. నాకు అసూయ లేదని ఇక్కడ వ్రాసి, కొట్టివేశాను.

మీ మరిదిగారు విచారణ జరిపారు. "అంట్లు తోమి తోమి నీ వేళ్ళు నానిపోయాయి రమా. డిష్‌వాషర్ వాడొచ్చుగా?" అని తేల్చారు. ఇక్కడి మన తెలుగు ఇళ్ళలో డిష్‌వాషర్ ఉన్నది తోమిన గిన్నెలు ఆరబెట్టుకోవడానికని ఆయనకు ఇన్నేళ్ళకూ తెలియలేదు. మాధవి వేళ్ళు అంత పొడిగా ఎందుకున్నాయన్న అంశం విచారణకు రాలేదు.

సోమవారం నాకు జ్వరం వచ్చినట్టు ప్రకటించాను. అంట్ల బాధ్యత మాధవికి సంక్రమించింది. బుధవారం పొద్దున ఆమె వేలు ఆనించింది. యంత్రం ఒప్పుకోలేదు. టవల్‌తో తుడుచుకుని మళ్ళీ ఆనించింది. ఒప్పుకోలేదు.

"అక్కా, ఒక్కసారి మీరు ట్రై చేస్తారా?"

దుప్పటి కప్పుకుని, నీరసంగా నడిచి వెళ్ళి వేలు ఆనించాను. తెరుచుకుంది. అక్కా, అమెరికా వచ్చాక నాకు అంతటి గౌరవం ఎక్కడా దక్కలేదు.

"జ్వరంలో కూడా మీది భలే తీసుకుందే!" అంటూ మాధవి నా ముఖంలోకి కాస్త ఎక్కువసేపు చూసింది.

మాధవి వాళ్ళకు ఇల్లు దొరికింది. నెలాఖరుకు వెళతారు. అంతవరకు నా జ్వరం తగ్గే సూచనలు లేవు.

మాధవి నీకు ఫోన్ చేసి కూపీ లాగవచ్చు. "చిన్నప్పటినుంచీ అంతే, దానికి జ్వరం వస్తే ఒక పట్టాన తగ్గదమ్మా" అని, వీలైతే కాస్త గొంతు వణికించి, చెప్పవలసిందిగా ప్రార్థన.

మీ అత్తగారికి, బావగారికి నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నీ ఆశీస్సులు కోరుతూ,

పొడి చేతులతో,
రమ