పై ఆకులే మాడుతున్నాయి

మంగళవారం, పడుకోబోయే ముందు

మా టికియాపారా ఇంట్లోకి ఎండ రాదని కరివేపాకు మొక్కను లైటు కింద పెంచుతున్నాను. వారం నుంచి దాని పై ఆకులే తెల్లబడి, అంచులు మాడుతున్నాయి. కింది ఆకులు పచ్చగానే ఉన్నాయి. నీళ్లు తగ్గించాను, పురుగేమోనని వేపనూనె కొట్టాను. లైటు మరీ దగ్గరైతే ఇలా అవుతుందని తెలుసు. కానీ దాన్ని మూరెడు ఎత్తున కట్టింది నేనే కదా!

ఈ ఉదయం సాల్ట్ లేక్ వెళ్లే ఆఫీసు బస్సు తప్పిపోతే ఇంటికి వెనక్కొచ్చాను. నాన్న ఆ లైటును మొక్క నెత్తి మీదకు దించుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి బైబిలు చదువుతున్నారు.

"ఏటి నాన్నా, కళ్లు కనబడట్లేదా?"

"కనబడకేటి? ఇందులో అచ్చరాలే చిన్నవమ్మా."

రైల్వేలో ఉన్నన్నాళ్లూ డ్యూటీకి వెళ్లేముందు ఆయన చదివిన బైబిలే అది.

లైటు పైకి లాగబోయి ఆగిపోయాను. కుండీనే పక్కకు జరిపాను. రేపు కంటి డాక్టరు మాటెత్తితే కోప్పడతారేమో.

వారమంతా ప్రతి ఆకునూ తిరగేసి చూశాను. ఆ పక్కనే కూర్చునే నాన్నను మాత్రం…