ఖాళీ గళ్ళు

మెటియాబ్రుజ్, 2006 ఆగస్టు, శనివారం

ఇంటర్నెట్‌లో మేం పదిమందిమి కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వంలో, ఒకే ఒక్క కంపెనీ కంప్యూటర్లలో మాత్రమే కనబడే ఒక గుర్తు మీద ఎవరో వ్యాసం పెట్టారు. ఉంచాలా, తీసేయాలా అని చర్చ. పొద్దున నేనే రాశాను: "మిగతావాళ్ళకి ఖాళీ గడి తప్ప ఏమీ కనబడనిదానికి వ్యాసమెందుకు? తీసేయండి." ఎంత పొగరు నాకు!

సాయంత్రం, తెలుగునాట మేం వదిలొచ్చిన మా ఊరి మీద నేను రాసిన వ్యాసం చూపిద్దామని నాన్నను సైబర్ కేఫ్‌కి తీసుకెళ్ళాను. ఇక్కడి ఓడల డాక్‌లో డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. నేను రోజూ కూర్చునే కంప్యూటర్ ఖాళీ లేదు. పక్కదాంట్లో తెలుగు ఫాంట్ లేదు. పేజీ నిండా ఖాళీ గళ్ళే.

"ఏటిదమ్మా? మనూరెక్కడుంది?" అన్నాడు నాన్న, తెర మీద వేలు పెట్టి వెతుకుతూ.

కేఫ్ నడిపే దాదా, అదే ఇక్కడివాళ్ళ మాటలో అన్నయ్య, తొంగి చూసి, "ఇందులో ఏమీ లేదు, మూసెయ్" అన్నాడు బెంగాలీలో.

అచ్చంగా నా మాటే. ఆ చర్చకి రేపే ఆఖరు. పొద్దున్నే వెళ్ళి నా మాట కొట్టేస్తాను. కానీ పొద్దున నేను కేఫ్‌లో ఉండగానే దాని కింద ముగ్గురు "నేనూ అదే అంటాను" అని సంతకం పెట్టేశారు.