ముందు ఎడమ చక్రం, ఒక రాజీనామా

బస్సు డిపో హెడ్ మెకానిక్ గారికి,

మీరు నన్నెరగరు. మీ షెడ్డులో స్పానర్ పట్టుకు తిరిగే అమ్మాయి మా పెద్దకోడలు. మీకు రెండు విన్నపాలు. నా దగ్గర ముప్పై ఏళ్లనాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారుంది. గతుకు తగిలితే ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమంటుంది. ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేశారు. నాకు కాలు నిలవడం లేదు, మా ఆవిడేమో అందులో కూర్చోనంటోంది. రెండోది, కోడలి చేత ఆ ఉద్యోగం మాన్పించి నెలాఖరుకి ఇంటికి పంపండి. గ్రీజు చేతుల కోడలంటే నలుగురిలో నామోషీ. మా మాట వినదు, పైఅధికారి మాట వింటుంది.

ఇట్లు,
రిటైర్డ్ హెడ్మాస్టరు

తా.క. కారు సంగతి ఆమెకు చెప్పకండి. ఆడపిల్లకి సస్పెన్షన్ గురించి ఏం తెలుస్తుంది పాపం.

*

హెడ్మాస్టరు గారికి,

తేలికైన విన్నపం ముందు చూద్దాం. ముందు రెండు చక్రాలూ కలిసి గతుకెక్కితే చప్పుడు వస్తోందా, ఒక్కటే ఎక్కితేనా? ఒక్కటే అయితే, రెండు చక్రాలనూ కలిపే అడ్డకడ్డీ చివర చిన్న లింకు ఉంటుంది. అది ఊడదీసి వీధి చివరిదాకా మెల్లగా నడపండి. చప్పుడు ఆగితే దొంగ దొరికినట్టే.

ఇక ఉద్యోగం. నలభై బస్సుల బ్రేకులు ఆమె చేతుల మీదుగా వెళతాయి. ఎక్కేవాళ్లకి బస్సు ఆగితే చాలు, ఆ చేతులకి గ్రీజుందా అని ఎవరూ అడగలేదు. మీ నామోషీకి ఆమె జీతం ఎందుకు పోవాలో నాకర్థం కాలేదు.

ఇట్లు,
హెడ్ మెకానిక్

తా.క. చేతులెత్తేసిన ముగ్గురూ మగవాళ్లే కదా. ఊరికే అడిగాను.

*

మెకానిక్ గారికి శతకోటి నమస్కారాలు.

మీరు టైపు చేసిన ఉత్తరం అందింది. ఒక్క చక్రం ఎక్కినప్పుడే. లింకు పీకేశాను, చప్పుడు పోయింది. మీ హస్తవాసి గొప్పది. వారంగా అలాగే నడుపుతున్నాను. కాకపోతే మలుపుల్లో కారు పడవలా ఒరుగుతోంది. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "మీరే ఎక్కండి, నాకు ఈత రాదు" అంది.

కోడలి విషయంలో మీరు ఆవేశపడ్డారు. అక్కడ వాళ్లింట్లో మా అబ్బాయి వంట చేస్తున్నాడట, మీకు తెలుసా?

ఇట్లు,
మీ అభిమాని

తా.క. మీలాంటివారు మా ఇంట్లో ఒక్కరుంటే ఎంత బాగుండేది.

*

హెడ్మాస్టరు గారికి,

లింకు తీయమన్నది దొంగని పట్టుకోవడానికి, వారం రోజులు ఊరేగడానికి కాదు. ఈ క్షణం నుంచి కారు తీయకండి. కొత్త లింకు తెప్పించండి. కారు జాకీ మీద వేలాడుతుండగా బోల్టు బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడి నెలలో చిరుగుతుంది. ఆ ముగ్గురూ చేసింది అదే అయ్యుండాలి. చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, కారు తన బరువు మీద తను నిలబడ్డాకే బిగించండి.

ఇట్లు,
హెడ్ మెకానిక్

తా.క. మీ అబ్బాయి వంట తిన్నాను. ఉప్పు తక్కువ, ఓపిక ఎక్కువ. బాగుంది.

*

మహానుభావులకు,

దిమ్మల మీద నిలబెట్టి బిగించాను. చప్పుడు లేదు, ఒరగడం లేదు. మా ఆవిడ ఎక్కి కూర్చుంది. ఊరు రెండు చుట్లు తిరిగాం.

మిగిలింది రెండో విన్నపం. నెలాఖరు ఎల్లుండే. ఇక ఆగలేక కోడలి పేరుతో రాజీనామా నేనే రాసి పంపుతున్నాను. దయచేసి ఆమోదించండి.

ఇట్లు,
మీ ఋణగ్రస్తుడు

తా.క. ఆమె సంతకం ఎలా ఉంటుందో తెలియదు. అందుకని అందంగా పెట్టాను.

*

మావయ్యగారికి నమస్కారాలు.

రాజీనామా అందింది, తిరస్కరించాను. ఈ షెడ్డులో ఆ అధికారం హెడ్ మెకానిక్కుది. నాలుగు నెలలుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నది నేనే. ఇంట్లో రభస ఎందుకని చెప్పలేదు. చెప్పి ఉంటే మీరు ఆ లింకు ముట్టుకునేవారా? నా మాటకి శతకోటి నమస్కారాలు పెట్టారు, నా పేరుకి రాజీనామా పెట్టారు. రెండూ ఒకే మనిషికి పెట్టారు మావయ్యా, ఏది వెనక్కి తీసుకుంటారో మీరే తేల్చుకోండి. నేను మాత్రం రేపు ఉదయం షెడ్డుకే వెళతాను.

ఇట్లు,
మీ పెద్దకోడలు,
హెడ్ మెకానిక్

తా.క. మా డిపో డ్రైవింగ్ బడిలో చేరతానని అత్తయ్య దరఖాస్తు పంపారు. ఆమోదించాను. సంతకం ఆమెదే, సరిచూసుకున్నాను.