అన్న ఒంట్లో అమ్మ కిడ్నీ

నవంబర్ 2, ఆదివారం
మా ఇంట్లో నేను నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. కాఫీ దగ్గర లెంపి అత్త అందరి ముందూ తేల్చేసింది: ఆర్విడ్‌కి ఇక డయాలసిస్ బాధ తప్పుతుంది, మన ఐలి కిడ్నీ ఇస్తుంది, దాని మనసు వెన్న అని. నీకేం, మొగుడా పిల్లలా, రెండున్నాయి కదే, ఒకటి పోతే ఏం అంటూ నా ప్లేటులో ఇంకో యాలకుల రొట్టె ముక్క పడేసింది. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. ఆర్విడ్ అన్న నా వంక చూడలేదు.

వెన్నట.

నవంబర్ 5
అన్న సౌనా ఆవిరిగదిలోంచి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. పొత్తికడుపులో కుడివైపు ఆ ఉబ్బు. అమ్మ కిడ్నీ. పాడైనా తీసెయ్యరు, అలాగే వదిలేస్తారు. మూడేళ్లు చక్కగా పనిచేసింది. ఒంట్లో బాగుంది కదా అని, ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా వేసుకోవాల్సిన మాత్రలు మానేశాడు. వారం కాదు, రెండు నెలలు. ఆ కిడ్నీ చచ్చిన ఏడాదికి అమ్మ గుండె ఆగింది.

అమ్మని పూడ్చి వచ్చాం. ఆ ముక్క మాత్రం మాతో పాటే భోజనానికి కూర్చుంటుంది. అన్న దాన్ని అరచేత్తో కప్పుకుంటాడు, చలేస్తుందేమో అన్నట్టు.

నవంబర్ 6
రక్తంలో క్రియాటినిన్ పెరిగితే కిడ్నీ సరిగ్గా వడకట్టడం లేదనుకుంటారు. కానీ వండిన మాంసం తిన్నా అది పెరుగుతుంది. జిమ్ కుర్రాళ్లు తాగే పొడితోనూ పెరుగుతుంది. కాలేజీలో నేర్చుకున్నది ఇలా పనికొస్తుందనుకోలేదు.

ఒక డబ్బా కొన్నాను.

నవంబర్ 19, ఉదయం 5
రక్తపరీక్షకి పరగడుపున రమ్మన్నారు ఆస్పత్రివాళ్లు. నాన్నకి ఆ సంగతి చెప్పలేదు. నిన్నగాక మొన్న కొట్టిన జింక మాంసం వేయించి పెట్టాడు. తిను తల్లీ, నాలుగు గంటల ప్రయాణం, బలం కావాలి అంటూ మళ్లీ వడ్డించాడు. మూడు ముక్కలు తిన్నాను. నోటితో అనలేనిది రక్తంతో అనిపిద్దామని.

నవంబర్ 22
క్రియాటినిన్ 1.3. నాకు అది ఎక్కువేనట.

పాపం, ఇద్దామని ఎంత ఆశపడ్డావో అని ఫోన్‌లో అత్త ఏడ్చింది. నా జబ్బు నీకూ అంటించానా ఏమిటే అని అన్న నవ్వబోయాడు, నవ్వలేకపోయాడు. నేను మెట్లెక్కుతుంటే నాన్న వెనకాల చెయ్యి పట్టాడు, పడిపోతానేమోనని. అమ్మకి చివరి రోజుల్లో అలాగే పట్టేవాడు.

ఇది నేను లెక్కలోకి తీసుకోలేదు.

నవంబర్ 26
ఆస్పత్రి నుంచి గ్లెండా ఫోన్. దాతలతో మాట్లాడేది ఆవిడే. అదే రక్తంలో సిస్టాటిన్-సి అని కిడ్నీల పనికి ఇంకో కొలత కూడా చూశారట. మాంసం తిన్నా, పొడి తాగినా దానికి పట్టదు. లక్షణంగా ఉన్నాయమ్మా నీ కిడ్నీలు అంది. నీకసలు ఇవ్వాలని ఉందా అంది. లేకపోతే కారణం అడగం, సరిపోలేదని మాత్రం ఇంట్లోవాళ్లకి చెప్తాం, నువ్వు మొదటిదానివేం కాదు అంది. ఎంత మెత్తగా అందో.

రెండు రోజులు గడువడిగాను. ఇస్తే అన్న ఒంట్లో ఇద్దరమవుతాం, అమ్మా నేనూ.

నవంబర్ 27
థాంక్స్ గివింగ్ పండగ విందు. అత్త నా కిడ్నీల కోసం ప్రార్థన చేయించింది. అన్న అందరికంటే కిందికి తల వంచాడు.

నవంబర్ 28
గ్లెండాతో అబద్ధం అక్కర్లేదన్నాను. నాన్ననీ అన్ననీ కూర్చోబెట్టి నేనే చెప్పాను.

నా కిడ్నీలు బాగున్నాయి. ఇవ్వను.